కుందేలు కేకకు ఎవరు వస్తారో: అమెరికా పశువుల మైదానాలలో కయోటీ వేట

గాయపడిన కుందేలు పెట్టే కేక మొదటిసారి విన్నవారికి పసిబిడ్డ ఏడుపులా అనిపిస్తుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో రాంచ్‌లు అనే పెద్ద పశువుల క్షేత్రాలలో, నక్కను పోలిన కయోటీ అనే జంతువును వేటాడేవారు నోటితో ఊదే చిన్న పీకతోనో, బ్యాటరీతో నడిచే స్పీకరుతోనో ఆ కేకనే పుట్టించి, పొద నీడలో కదలకుండా కూర్చుంటారు. కయోటీ వస్తే కాలుస్తారు. వినడానికి ఇంతే. అయితే చావబోతున్న కుందేలు కేక మాంసం తినే ప్రతి ప్రాణికీ విందు పిలుపే గనుక, కయోటీ ఒక్కటే వినాలని, తక్కినవన్నీ చెవులు మూసుకోవాలని మనం షరతు పెట్టలేము. ఒక సాయంత్రం ఆ కేకకు బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లి రావచ్చు, మరొకనాడు ప్యూమా అనే పెద్ద పిల్లిజాతి మృగం రావచ్చు, గొర్రెలను కాచే తెల్లకుక్క రావచ్చు, ఎక్కడో దూడకు ఆపద వచ్చిందనుకొని ఆవుల మంద మొత్తం పరుగున వచ్చి మన చుట్టూ నిలబడనూవచ్చు. అందుచేత ఈ వేటలో కూర్చునే చోటు మొదలుకొని తుపాకి ఎత్తే క్షణం వరకు చేసుకునే ప్రతి ఏర్పాటూ, వచ్చేది ఏదో ముందుగా తెలియదన్న ఎరుకతోనే చేసుకోవాలి.

కయోటీ తోడేలుకు, మన నక్కకు దగ్గరి చుట్టం. మధ్య మెక్సికోలోని నహువాట్ల్ భాషలో దానిని 'కొయోట్ల్' అనేవారు. ఆ మాటే స్పానిష్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. 1804లో మిస్సోరీ నది వెంబడి అన్వేషణకు వెళ్లిన లూయిస్, క్లార్క్ బృందం దీనిని 'ప్రెయిరీ తోడేలు'గా రాసుకున్నది. 1823లో ప్రకృతి శాస్త్రవేత్త థామస్ సే పెట్టిన శాస్త్రీయ నామం కేనిస్ లాట్రాన్స్, అంటే మొరిగే కుక్క. పశ్చిమ మైదానాలలో పెద్ద కయోటీ సాధారణంగా 9 నుంచి 16 కిలోల బరువు ఉంటుంది, కాని చలికాలపు బొచ్చుతో చూస్తే దానికి రెట్టింపు ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ సంగతి తోడేలు దగ్గర మళ్లీ అవసరమవుతుంది. ఒకప్పుడు గడ్డిమైదానాలకు, ఎడారులకు పరిమితమై ఉండిన ఈ జంతువు, తోడేళ్లను మనుషులు తుడిచిపెట్టిన తరువాత నలుదిక్కులా వ్యాపించి, నేడు హవాయి తప్ప అన్ని రాష్ట్రాలలోనూ తిరుగుతున్నది.

రాంచ్ యజమానులు వేటగాళ్లను రానిచ్చేది గొర్రెపిల్లల కోసం, మేకపిల్లల కోసం, అప్పుడే ఈనిన ఆవుల దూడల కోసం. ఆవులు మాత్రమే ఉన్న చోట, కయోటీ ఎలుకలను, కుందేళ్లను తిని గడ్డిని కాపాడుతున్నదని దానిని ఉండనిచ్చే యజమానులూ ఉన్నారు. ఏమైనా "మీ బెడద ఇక తీరినట్టే" అని ఎవరికీ మాట ఇవ్వవద్దు. 1975లో కాలిఫోర్నియా పరిశోధకులు గణిత నమూనాతో వేసిన లెక్క ప్రకారం, ఏటా నూటికి 75 కయోటీలను చంపుకుంటూ పోయినా అవి పూర్తిగా అంతరించడానికి యాభై ఏళ్లు దాటుతుంది. ఖాళీ అయిన చోటికి పక్క నేల నుంచి కొత్తవి వచ్చి చేరుతూనే ఉంటాయి. గొర్రెలు ఈనే నెలలలో ఫలానా మేతబీడులో తిరిగే ఫలానా జతను తొలగించడం వరకు వేట పనికివస్తుంది. అంతకు మించి ఆశ పెట్టడం యజమానిని మోసగించడమే అవుతుందని నా అభిప్రాయం.

లైసెన్సు, అనుమతి

పశ్చిమ రాష్ట్రాలలో చాలాచోట్ల కయోటీకి ప్రత్యేకమైన వేటకాలం లేదు. టెక్సస్ దీనిని 'నాన్‌గేమ్' (వేటజంతువుల లెక్కలోకి రాని) జంతువుల కింద, వయోమింగ్ 'ప్రెడేటరీ' (ఇతర ప్రాణులను చంపి తినే) జంతువుల కింద లెక్కిస్తాయి. అంతమాత్రాన నియమాలు లేవని అనుకోవద్దు. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి ఏ వేటలోనూ సీసపు తూటాలు వాడకూడదు. ఎక్కువ కయోటీలను చంపినవారికి బహుమతులిచ్చే పోటీలను ఆ రాష్ట్రం 2014లో, న్యూ మెక్సికో 2019లో నిషేధించాయి. టెక్సస్‌లో వేటాడేవారు 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారైతే హంటర్ ఎడ్యుకేషన్ శిక్షణ పొంది ఉండాలి. రాత్రి వేట, దీపాలు, ఒంటి వేడిని బట్టి జంతువును చూపే థర్మల్ స్కోపుల విషయంలో రాష్ట్రానికొక నియమం ఉన్నది కాబట్టి, వెళ్లబోయే రాష్ట్రపు వన్యప్రాణి శాఖ ఆ ఏటికి ప్రకటించిన నియమాల పుస్తకాన్ని చదవకుండా బయలుదేరవద్దు.

మనవారిలో చాలామందికి తెలియని నియమం మరొకటి ఉన్నది. హెచ్-1బి వంటి నాన్-ఇమిగ్రంట్ వీసా మీద ఉన్నవారు తుపాకి గాని తూటాలు గాని దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఏదైనా ఒక అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండడం ఆ నిషేధానికి ఉన్న మినహాయింపులలో ఒకటి. తుపాకి స్నేహితునిదే కదా, ఒక్కసారి పట్టుకుంటే ఏమవుతుందిలే అనుకొనే తేలికతనం ఇక్కడ పనికిరాదు. లైసెన్సు గడువు ఏ తేదీన ముగుస్తుందో చూసుకొని, సందేహముంటే వకీలును అడిగి మరీ వెళ్లాలి.

అనుమతి అడగడానికి పగటిపూట, వేటబట్టలు వేసుకోకుండా, తుపాకి బయటికి కనిపించకుండా వెళ్లాలి. కంచె మీద బోర్డు లేదు కాబట్టి నేల ఎవరిదీ కాదనుకోకూడదు. టెక్సస్‌లో చెట్టు మీద గాని కంచె గుంజ మీద గాని నిలువుగా వేసిన ఊదారంగు గీత 'లోపలికి రావద్దు' అన్న బోర్డుతో సమానం. కనీసం 8 అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు ఉండే ఆ గీత నేల నుంచి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో ఉంటుంది. మోంటానాలో ఇదే పనికి నారింజరంగు వాడతారు. యజమాని సరే అన్న తరువాత అడగవలసినవే ఎక్కువ. మంద ఈ వారం ఏ బీడులో ఉన్నది? కాపలాకుక్కలు ఉన్నాయా, ఎన్ని? ఉచ్చులు పెట్టారా? పొరుగువారి ఇల్లు ఏ గుట్ట వెనుక ఉన్నది? నీటితొట్లు, గాలిమర, గొట్టపులైను ఎక్కడెక్కడ ఉన్నాయి? ఈ జవాబులను మ్యాపు మీద గుర్తు పెట్టుకుంటే, ఏ దిక్కున తూటా వదలకూడదో వెళ్లకముందే తెలిసిపోతుంది. గేటు మూసి ఉంటే దాటాక మూయాలి, తెరిచి ఉంటే అలాగే వదిలేయాలి; నీళ్ల కోసం తెరిచిన గేటును మర్యాదకని మూసిపోయిన అతిథిని ఏ యజమానీ రెండోసారి పిలవడు.

బండిని ఎండుగడ్డి మీద నిలపవద్దు. కాలిన సైలెన్సరు తగిలి గడ్డి అంటుకుంటే ఆ మంటను ఇద్దరు మనుషులు ఆర్పలేరు. మట్టి తేలిన చోట, గుట్టకు అవతల, మనం కూర్చునే చోటికి కనబడకుండా నిలిపి, తలుపును చప్పుడు కాకుండా నొక్కి మూసి, మూడు నాలుగు వందల గజాలు నడవాలి. గుట్ట శిఖరం మీదుగా నడిస్తే ఆకాశం మీద నీడబొమ్మలా కనిపిస్తాము కాబట్టి పల్లం వెంట, వాగుపాయ వెంట వెళ్లాలి.

గాలి, నీడ, నేల

కయోటీ కంటిని ఏమార్చవచ్చు, చెవిని ఏమార్చవచ్చు, ముక్కును మాత్రం ఏమార్చలేము. కేక విని తిన్నగా పరుగెత్తుకొచ్చే కయోటీ కూడా దగ్గరికి వచ్చేసరికి అనుమానంతో చుట్టుతిరిగి, గాలి మన మీదుగా వీచిపోయే వైపుకు, అంటే గాలివాలుకు చేరుకొని వాసన పట్టాలని చూస్తుంది. మనిషి వాసన తగిలిందంటే ఆ రోజుకు ఆ బీడులో పని ముగిసినట్టే. సువాసనలు, పైపూతలు, వాసన చంపే సబ్బులు అమ్మేవారు ఎన్ని చెప్పినా, గాలిని లెక్కలోకి తీసుకోని వేటగాడిని అవి కాపాడవు.

అందుకని గాలి మన ఎడమ నుంచి కుడికో, కుడి నుంచి ఎడమకో అడ్డంగా వీచేటట్టు కూర్చోవాలి. ఉదాహరణకు గాలి ఎడమ నుంచి వీస్తున్నదనుకుందాం. స్పీకరును మనకు ఎడమవైపు, ఏభై గజాల దూరంలో పెట్టాలి. ఎదుటి గుట్ట నుంచి వచ్చిన కయోటీ స్పీకరుకు గాలివాలులోకి పోవాలని మన ఎదుట నుంచే కుడివైపుకు అడ్డంగా దాటుతుంది. మన వాసన వీచిపోయే గీతను అది అందుకోక ముందే తుపాకికి దొరుకుతుంది. కుడివైపు నేల కనీసం రెండు వందల గజాల వరకు తెరపగా ఉండాలి, లేకపోతే అది మెస్కీట్ పొదల చాటున తిరిగి, మనకు కనబడకుండానే వాసన చూసి వెళ్లిపోతుంది. తుపాకి గొట్టానికి జానెడు ఉన్నిపోగు కట్టుకుంటే చాలు, గాలి మారిందీ లేనిదీ కూర్చున్న చోటి నుంచే తెలుస్తుంది. ఒక ఉదయం నేను పదిహేను నిమిషాలు పీక ఊదుతూ గుట్టవైపే చూస్తూ ఉండగా, ఆ పోగు మెల్లగా వెనక్కు తిరిగి నా ఛాతీవైపు చూపింది. తల తిప్పి చూస్తే, నా వెనుక ముప్ఫై గజాలలో నిలబడి ఉన్న కయోటీ ముక్కు పైకెత్తి ఒక్కసారి గాలి పీల్చి, తోక దించుకొని వెళ్లిపోయింది. పోగు మాట వినడం అప్పటి నుంచే నేర్చుకున్నాను.

పొద వెనుక దాక్కోవడం కన్నా పొద ముందు, దాని నీడలో కూర్చోవడం మేలు. వెనుక పొద ఉంటే మన ఆకారం అందులో కలిసిపోతుంది, ముందు పొద ఉంటే తుపాకి తిప్పడానికి అడ్డం వస్తుంది. సూర్యుడు వీపువైపు ఉంటే కళ్లు చెదిరేది దానికి, మనకు కాదు. ముఖానికి, చేతులకు తొడుగులు వేసుకోవాలి; మెరిసేవి ముఖమూ చేతులే, కదిలేవీ అవే.

కూర్చోబోయే ముందు కర్రతో ఆ చోటును కదిపి చూడాలి. టెక్సస్, న్యూ మెక్సికో, అరిజోనా ప్రాంతాలలో వెస్టర్న్ డైమండ్‌బ్యాక్ అనే ర్యాటిల్‌స్నేక్, ఉత్తర మైదానాలలో ప్రెయిరీ ర్యాటిల్‌స్నేక్ ఉంటాయి. మనం నీడ కోసం వెతికే రాయి కింద, నాగజెముడు మొదట్లో అవి కూడా నీడకే చేరతాయి. తోక గిలక్కాయలా మోగిస్తేనే పాము ఉన్నట్టు అనుకోవద్దు. కదలకుండా ఉండిపోయి మనం దాటిపోవాలని చూసే పాములే ఎక్కువ. మోకాలి కింద వరకు వచ్చే పాముకాటు తొడుగులు కట్టుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు. మోత వినబడితే ఎగిరి దూకవద్దు. నిలబడి, పాము ఎక్కడున్నదో కంటితో పట్టుకొని, ఆ తరువాతనే దానికి దూరంగా అడుగు వెనక్కు వేయాలి. దానిని చంపడానికి పోయి కాటు తిన్నవారు ఉన్నారు.

కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం, మంచు పెట్టడం, ఇవేవీ చేయకూడదు. వాపు వస్తుంది కాబట్టి ఉంగరం, గడియారం వెంటనే తీసివేసి, మనిషిని కంగారు పడనీయకుండా, వీలైనంత తక్కువగా నడిపించి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. దారిలో పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222కు గాని 911కు గాని ఫోను చేయాలి. రాంచ్‌లో ఫోను సిగ్నలు దొరకదన్న అంచనాతో ఉండాలి. అందుకే బయలుదేరే ముందు ఎక్కడ ఉంటామో, ఎన్ని గంటలకు తిరిగి వస్తామో యజమానికి, ఇంట్లోవారికి చెప్పి వెళ్లడం అవసరం.

పిలవడం

మొదటి కేక చిన్నగా ఉండాలి. కయోటీ వంద గజాలలోనే పడుకొని ఉండవచ్చు. ఒక్కసారిగా గొంతు పెంచితే బెదిరిపోతుంది. అరనిమిషం నుంచి నిమిషం వరకు కేక, తరువాత ఒకటి రెండు నిమిషాల నిశ్శబ్దం, ఆ తరువాత కొంచెం పెద్దగా, ఇలా పోవాలి. చావబోయే కుందేలు తాళం వేసినట్టు ఏడవదు. తడబడుతుంది, ఆగుతుంది, మళ్లీ అందుకుంటుంది. పదిహేను ఇరవై నిమిషాలలో ఏమీ రాకపోతే కనీసం అరమైలు దూరం జరిగి మళ్లీ కూర్చోవచ్చు. బాబ్‌క్యాట్ ఉన్న చోటైతే అరగంటకు పైగా ఓపిక పట్టాలి, ఎందుకంటే పిల్లిజాతి పరుగున రాదు, పొద నుంచి పొదకు పాకుతూ, మధ్యలో కూర్చుంటూ వస్తుంది.

ఏ కాలంలో ఏ కేక అన్నది కయోటీ కుటుంబ జీవితాన్ని బట్టి ఉంటుంది. జతకట్టే కాలం జనవరి నుంచి మార్చి వరకు. గర్భం దాదాపు 63 రోజులు. పిల్లలు ఏప్రిల్, మే నెలలలో పుడతాయి. జతకట్టే రోజులలో తన నేలలోకి మరొకటి వచ్చిందన్న రోషం ఎక్కువ గనుక ఒంటరి కయోటీ ఊళ బాగా పనిచేస్తుంది. శరదృతువులో తల్లిదండ్రులను విడిచి తిరిగే ఆ ఏటి పిల్లలు అనుభవం లేనివి, కుందేలు కేకకే పరుగెత్తి వస్తాయి. కొత్తగా నేర్చుకునేవారు మొదలుపెట్టవలసింది అప్పుడే. వేసవి మొదట్లో పిల్ల ఏడుపు వినిపిస్తే తల్లీ తండ్రీ రెండూ వస్తాయి. అయితే పొదలో పాలుతాగే పిల్లలు ఉన్న ఆ నెలలలో, గొర్రెలను చంపుతున్నదని యజమాని చూపించిన జత విషయంలో తప్ప, నేను పీక బయటికి తీయను. చట్టం అడ్డం రాదు, నా మనసు అడ్డం వస్తుంది.

వచ్చినది ఏది?

అన్నిటి కన్నా తరచుగా వచ్చేవి ఆవులే. కుందేలు కేకకో జింకపిల్ల కేకకో తల్లి ఆవులు తలలెత్తి, అరుస్తూ, బరువుగా పరుగెత్తుకొచ్చి స్పీకరు చుట్టూ గుమిగూడతాయి, దానిని మూతితో పొర్లిస్తాయి, నాకుతాయి. నవ్వు వస్తుంది గాని, పక్కనే దూడ ఉన్న ఆవు, మందలోని ఆంబోతు నవ్వులాటకు నిలిచేవి కావు. వెంటనే శబ్దం ఆపి, లేచి నిలబడి, మనుషులమని వాటికి తెలిసేటట్టు మెల్లగా మాట్లాడుతూ పక్కకు తప్పుకోవాలి. ఆ బీడులో ఇక ఆ రోజు తుపాకి ఎత్తవద్దు. మంద వెనుక ఏమున్నదో కనిపించదు.

రెండవది కాపలాకుక్క. గ్రేట్ పిరెనీస్, అక్బాష్ వంటి పెద్ద తెల్లకుక్కలు గొర్రెల మధ్యనే పెరిగి, మందకు మైలు దూరంలోనైనా ఊళ వినబడితే దానిమీదికి పోతాయి. మసక వెలుతురులో, థర్మల్ స్కోపులో అవి కయోటీలాగే నాలుగు కాళ్ల వెలుగుముద్దలు. థర్మల్ స్కోపు వేడిని చూపుతుంది, రంగును చూపదు. తెల్లబొచ్చు, బూడిదబొచ్చు దానికి ఒకటే. రాత్రి దీపానికి మెరిసే కళ్లు కూడా దూడవీ, కుక్కవీ, నక్కవీ, కయోటీవీ, అన్నీ మెరుస్తాయి. కళ్లను మాత్రమే చూసి కాల్చినవాడు ఏదో ఒకనాడు యజమాని కుక్కను చంపి తీరతాడు. శరీరం మొత్తం, నడక, తోక కనబడేంతవరకు వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు. కుక్క మన దగ్గరికే వచ్చేస్తే వెనుతిరిగి పరుగెత్తవద్దు. గంభీరంగా మాట్లాడుతూ, మందకు దూరంగా వెనక్కు అడుగులు వేయాలి.

మూడవది తోడేలు. అరిజోనా, న్యూ మెక్సికో కొండలలో 1998 నుంచి తిరిగి వదిలిన మెక్సికన్ తోడేళ్లు ఉన్నాయి. కొలరాడోలో 2023 డిసెంబరులో పది తోడేళ్లను విడిచిపెట్టారు. వీటిని కయోటీ అనుకొని చంపితే ఫెడరల్ నేరం అవుతుంది. మెక్సికన్ తోడేలు 22 నుంచి 36 కిలోల జంతువు, ఉత్తరపు బూడిద తోడేలు అంతకన్నా పెద్దది. ఒంటరిగా, దూరాన, పక్కన పోలిక లేకుండా నిలబడినప్పుడు చలికాలపు కయోటీ, వయసులో ఉన్న తోడేలు ఒకే పరిమాణంగా కనిపిస్తాయి కాబట్టి పరిమాణాన్ని నమ్మవద్దు. చెవులను, మూతిని చూడాలి: కయోటీ చెవులు తలకు మించినంత పెద్దవి, మొనదేలినవి, మూతి సన్ననిది, తోడేలు చెవులు పొట్టివి, గుండ్రనివి, మూతి మొద్దుగా వెడల్పుగా ఉంటుంది. నడకలో తోడేలు కాళ్లు పొడవుగా, పాదాలు శరీరానికి మించినవిగా తోస్తాయి. బురదలో అడుగుజాడ దొరికితే ఇంకా సులువు. కయోటీది రెండున్నర అంగుళాలు దాటడం అరుదు, తోడేలుది నాలుగు అంగుళాలకు పైనే. మెడలో రేడియో పట్టీ ఉంటే తోడేలే అనుకోవచ్చు, లేకపోతే కాదని అనుకోకూడదు. దుర్భిణితో చూసి తేల్చుకోవాలి గాని, రైఫిల్ మీది స్కోపుతో కాదు; తెలియని ప్రాణివైపు గొట్టం గురిపెట్టి 'అదేమిటో' అని చూసే అలవాటు ఎంతటి అనుభవజ్ఞునికైనా తగదు.

ప్యూమా రావడం అరుదు, వచ్చినప్పుడు మాత్రం అది మనలను చూసిన తరువాతనే మనం దానిని చూస్తాము. ఆలోచించండి: ఆకురంగు బట్టలలో, నేలకు ఆనుకొని, ముఖం కనబడకుండా, కుందేలు గొంతుతో ఏడుస్తున్న ఆకారం దాని కంటికి ఏమిటి? అందుకే ప్యూమా తిరిగే కొండవాగులలో వీపు పెద్ద రాతికో చెట్టుమొద్దుకో ఆనించాలి, ఇద్దరుంటే వీపులు కలిపి కూర్చోవాలి. స్పీకరు మనకు దూరంగా ఉండడంలో మరో లాభం ఇదే. దాడి చేయదలచినది దానిమీద చేస్తుంది. ప్యూమా మనలను గమనిస్తున్నదని తెలిసిన వెంటనే పీక ఆపి, లేచి నిలబడి, ముఖం దానివైపే ఉంచి, చేతులు చాచి పెద్దగా కనబడుతూ గట్టిగా అరవాలి. వంగకూడదు, పరుగెత్తకూడదు. మెల్లగా వెనక్కు తగ్గి దానికి దారి వదలాలి. మీద పడితే మాత్రం చేతికి దొరికినదానితో ఎదురు తిరగాలి. ప్యూమా మీద చట్టం రాష్ట్రానికొక తీరు. కాలిఫోర్నియాలో 1990 నుంచి దానిని వేటాడడం నిషిద్ధం.

మోంటానాలో రాకీ పర్వతాల తూర్పు అంచున గ్రిజ్లీ ఎలుగులు కొండ దిగి మైదానపు రాంచ్‌లలోకి వస్తాయి. చలి నడినెలలలో అవి గుహలలో నిద్రపోతాయి గనుక అక్కడ కయోటీ వేటకు అదే మంచి అదను. తక్కిన నెలలలో ఎలుగును తరిమే కారపు మందు, అంటే బేర్ స్ప్రే, నడుముకో ఛాతీకో కట్టుకొని ఉండాలి. సంచిలో ఉన్న స్ప్రే లేనట్టే.

దక్షిణ టెక్సస్, అరిజోనా పొదలలో హవలీనా అనే, పందిని పోలిన ముళ్లబొచ్చు జంతువులు గుంపులుగా తిరుగుతాయి. వాటి చూపు మందం. పిల్ల ఏడుపు లాంటి కేక వినగానే పళ్లు టకటక కొట్టుకుంటూ అన్నీ ఒకేసారి పొదలోంచి దూసుకొస్తాయి. మనలను వెతికి కాదు, ఏడుపును వెతికి. పొద చాటున పక్కకు జరిగి, లేచి, అరిస్తే చాలావరకు చెదిరిపోతాయి.

ఆకాశం నుంచి వచ్చేవాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. సూర్యుడు దిగిన తరువాత మిగిలే ఆ పది నిమిషాల బూడిదవెలుగులో గ్రేట్ హార్న్‌డ్ ఔల్ అనే పెద్ద గుడ్లగూబ రెక్కల చప్పుడు లేకుండా వస్తుంది. ఒకసారి నేను పీక నోట్లో పెట్టుకొని ఊదుతుండగా నెత్తిమీద ఎవరో గుడ్డతో కొట్టినట్టయింది. చేయి పెట్టి చూసుకుంటే టోపీ లేదు, దాని అంచు పట్టుకొని ఇరవై అడుగులు పోయిన పక్షి, అది కుందేలు కాదని తెలిసి సేజ్‌బ్రష్ పొద మీద జారవిడిచింది. టోపీకి నాలుగు రంధ్రాలు పడ్డాయి, నుదుట ఒక గీత పడింది. ఆ వెలుగులో నోటి పీక మాని దూరపు స్పీకరు వాడడం, కంటికి అద్దాలు పెట్టుకోవడం అప్పటి నుంచి నా అలవాటు. పగటిపూట గోల్డెన్ ఈగిల్ అనే పెద్ద డేగ, స్పీకరు పక్కన ఎరగా ఆడే బొచ్చుబొమ్మ మీద వాలవచ్చు. వెంటనే శబ్దం ఆపివేయాలి, బొమ్మ పాడైనా సరే. గద్దలు, గుడ్లగూబలు 1918 నాటి వలసపక్షుల చట్టం కింద, గోల్డెన్ ఈగిల్ 1962 నుంచి ఈగిల్ రక్షణ చట్టం కింద కూడా రక్షణ పొందినవి.

దుర్వాసన చిమ్మే స్కంక్ అనే చిన్న జంతువు విషయంలో నియమం ఒకటే: ముందుకాళ్లు నేలకేసి కొట్టి తోక ఎత్తిందంటే హెచ్చరిక అయిపోయింది, మెల్లగా వెనక్కు తగ్గాలి. పట్టపగలు తూలుతూ, మనిషిని లెక్కచేయకుండా వచ్చే స్కంక్, నక్క, కయోటీ ఏదైనా రేబిస్ అనుమానంతోనే చూడాలి. దక్షిణ టెక్సస్‌లో 1988లో కుక్కల రేబిస్ కయోటీలలోకి పాకగా, 1995 నుంచి విమానాల నుంచి టీకా కలిపిన ఎరలు జల్లి దానిని అదుపు చేశారు. ఆ రకం పోయినా స్కంక్, నక్కల రేబిస్ ఇంకా ఉన్నది. కరిస్తే సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే వైద్యుని దగ్గరికి పోవాలి.

కాల్చడం, ఆ తరువాత

.223 రెమింగ్టన్, .22-250 రెమింగ్టన్, .243 విన్‌చెస్టర్, ఈ మూడు రకాల రైఫిల్ తూటాలలో ఏది చేతికి అలవాటైతే అదే మంచిది. దట్టమైన పొదలలో 12 గేజ్ షాట్‌గన్ నలభై గజాల లోపు రైఫిల్ కన్నా మెరుగు. కయోటీ పరుగులో ఉంటే నోటితో ఒక్కసారి కుక్కలా చిన్నగా మొరగాలి. అది ఆగి చూసే ఆ రెండు క్షణాలే మనవి. ఊపిరి సగం వదిలి, ముందుకాలి వెనుక ఛాతీలో, అరచేయంత చోట గురిపెట్టాలి. దాని వెనుక మట్టిగట్టు ఉందా, ఆకాశం ఉందా అన్నది గురి కన్నా ముందు చూడవలసింది. మైదానం చదునుగా, ఖాళీగా కనిపిస్తుంది గాని, గుట్ట మీద నిలబడిన కయోటీని తప్పిన తూటా ఆగే చోటు మైలు అవతల ఉండవచ్చు. అది గుట్ట దిగేంతవరకు ఆగాలి. దిగకపోతే పోనీయాలి.

తుపాకి పేలాక వెంటనే లేవవద్దు. పిల్ల ఏడుపు నిమిషంపాటు వినిపిస్తే పారిపోతున్న జతలోని రెండోది ఆగి, మళ్లీ మనవైపు తిరగడం తరచుగా చూస్తాము. తరువాత పడినదాని దగ్గరికి వెనుక నుంచి వెళ్లి, పొడవైన కర్రతో కంటిని తాకి రెప్ప ఆడుతుందేమో చూడాలి. చేతికి రబ్బరు తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. శరీరం చల్లబడుతున్నకొద్దీ గోమార్లు, ఫ్లీ అనే రక్తం పీల్చే చిన్న దూకుడు పురుగులు బయటికి వస్తాయి, పశ్చిమ రాష్ట్రాలలో ఆ ఫ్లీలతో ప్లేగు క్రిములు కూడా రావచ్చు. బొచ్చు ఊడి, తోలు గరుకుగా గజ్జి పట్టినట్టు ఉంటే దానిని అసలు బండిలోకి ఎక్కించవద్దు. తోలు తీసుకోదలచినవారికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు బొచ్చు బాగుంటుంది. సీసపు తూటాతో చంపిన కళేబరాన్ని బీడులో వదిలేస్తే, దానిని తిన్న ఈగిల్‌కు సీసం విషమవుతుంది. లోతుగా పూడ్చాలి, లేదా మొదటి నుంచే రాగి తూటా వాడాలి.

కాల్చిన తూటాల ఖాళీ తొడుగులు ఏరుకొని, గేటు ఎలా ఉన్నదో అలాగే వదిలి, వెళ్లేముందు యజమానిని కలవాలి. ఎన్ని కొట్టామన్నదానికన్నా ఏమేమి చూశామో చెప్పడం అతనికి ఎక్కువ పనికివస్తుంది: తూర్పు వాగులో ప్యూమా జాడ, నీటితొట్టి దగ్గర తూలుతూ నడిచిన స్కంక్, కంచె కింద కొత్తగా తవ్విన దారి, ఉత్తరపు బీడులో కుంటుతున్న దూడ.